సెన్సార్ సర్టిఫికెట్ సేవ: దరఖాస్తు తేలికైంది, అప్పీలు బరువెక్కింది

పోర్టల్ వరకే చూస్తే సెన్సార్ బోర్డు సేవకు మంచి మార్కులే వేయాలి. ఈ-సినీప్రమాణ్‌లో దరఖాస్తు, ఫీజు, పత్రాలు అన్నీ ఆన్‌లైన్‌లోనే. ముందు సర్దుకోవలసింది కాగితాలు. గుర్రమో ఎద్దో నటించి ఉంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి ఉండాలి. సిగరెట్ కనిపిస్తే సినిమా మొదట్లో, మధ్యలో 30 సెకన్ల ఆరోగ్య ప్రకటన, 20 సెకన్ల డిస్‌క్లెయిమర్ వేయాలి. పొగ కనిపించినంతసేపూ తెరమీద హెచ్చరిక ఉండాలి. ఇవి ఫైనల్ మిక్స్ (శబ్దాలన్నీ కలిపే చివరి పని) అయ్యాక గుర్తొస్తే రీలు మళ్లీ కట్టుకోవాలి.

1952 సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణతో, తల్లిదండ్రుల విచక్షణతో పిల్లలు చూడగల యూఏ సర్టిఫికెట్ మూడు ముక్కలైంది: 7+, 13+, 16+. ఇది నిజంగా మేలు. ఈ వయసు గీత తల్లిదండ్రుల కోసమే, దాన్ని చూపించి థియేటర్ వాళ్లు పిల్లల్ని ఆపలేరు. ‘ఏ’ సర్టిఫికెట్ సంగతి వేరు, 18 నిండకపోతే లోపలికి పంపకూడదు. పదేళ్ల గడువు కూడా పోయింది, ఇప్పుడు సర్టిఫికెట్ శాశ్వతం.

అసలు లోపం కట్స్ దగ్గర ఉంది. పెద్దవాళ్లకే అని ముద్ర వేసిన సినిమాకు కూడా కోతలు పెట్టే అధికారం బోర్డుకు అలాగే ఉంది. 1952 చట్టం 5బి సెక్షన్‌లోని ‘సభ్యత, నైతికత’ వంటి మాటలే దానికి ఆధారం. 1991 మార్గదర్శకాలేమో సినిమాను మొత్తంగా, అది మిగిల్చే ప్రభావాన్ని బట్టి చూడమంటాయి, సృజన స్వేచ్ఛను అనవసరంగా అణచొద్దంటాయి. కట్స్ జాబితా మాత్రం షాటు షాటుకీ, మాట మాటకీ వస్తుంది. అందుకే ప్రతి కట్‌కూ ఏ క్లాజు కింద అడుగుతున్నారో రాతపూర్వకంగా తెలుసుకుని, ఆ సీను కథలో ఎందుకుందో ఒక్కో పేరాలో జవాబివ్వాలి. మన వాదన వినిపించే హక్కు చట్టంలోనే ఉంది.

ఒప్పుకోక తప్పని మ్యూట్లు (మాట వినబడకుండా చేయమన్నవి) ఉంటే మిక్స్ ట్రాక్ మొత్తాన్ని నొక్కేయొద్దు. అలా చేస్తే ఫ్యాను చప్పుడూ, వెనక వీణా కూడా ఆ సెకను ఆగిపోతాయి, ప్రేక్షకుడి చెవి సరిగ్గా అక్కడికే పోతుంది. డైలాగ్, మ్యూజిక్, ఎఫెక్ట్స్ విడిగా ఉంచుకుని డైలాగ్ ఒక్కటే తీసి, ఆ ఖాళీలో అదే గది నిశ్శబ్దాన్ని నింపాలి. బొమ్మ తీసేయమంటే వీలైనంతవరకు అంతే నిడివిగల వేరే షాట్ పెట్టాలి. నిడివి తగ్గితే నేపథ్య సంగీతం జరిగిపోతుంది, సబ్‌టైటిళ్లు తప్పుతాయి.

సినిమాను రెండోసారి చూసే బోర్డు రివైజింగ్ కమిటీ కూడా కాదంటే మిగిలేది హైకోర్టే. 1970లో దర్శకుడు కె.ఎ. అబ్బాస్ కేసులో సుప్రీంకోర్టు ముందస్తు సెన్సార్‌ను సమర్థించింది. అప్పీలుకు స్వతంత్ర వేదిక ఏర్పాటు చేస్తామని ప్రభుత్వం ఆ కేసులోనే మాటిచ్చింది. ఆ వేదిక అప్పీలు ట్రిబ్యునల్‌గా 1983లో వచ్చింది, 2021లో రద్దయింది. ‘బాండిట్ క్వీన్’ సినిమాలో నగ్నంగా ఊరేగించిన దృశ్యం కామం రేపడానికి కాదు, జాలీ అసహ్యం కలిగించడానికే అని 1996లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, అది నిలబెట్టింది ఈ ట్రిబ్యునల్ నిర్ణయాన్నే. సినిమా తెలిసిన ఆ మెట్టు తీసేయడం ఈ సేవకు జరిగిన పెద్ద నష్టం. దాన్ని తిరిగి తేవాలి. ఈలోగా చిన్న నిర్మాతలు సర్టిఫికెట్ చేతికందాకే రిలీజ్ తేదీ ప్రకటించుకోవడం మంచిది. పోస్టర్ మీద తేదీ పడ్డాక హైకోర్టుకు వెళ్లే వ్యవధి ఉండదు, అడిగిన కట్లన్నిటికీ తలూపాల్సి వస్తుంది.