అమీర్‌పేటలో రైలు మారడం: ఒక బెజవాడ ప్రయాణికుడి సమీక్ష

బెజవాడలో బస్సెక్కి, హైదరాబాదు మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో దిగి, అక్కడి మెట్రోలో రాయదుర్గం చేరడం నాకు నెలకొకసారి తప్పని పని. ఈ దారిలో అమీర్‌పేట దగ్గర ఎర్ర లైను దిగి నీలం లైను ఎక్కాలి. రైలు వేగాన్ని గురించీ టికెట్టు ధరను గురించీ ఇక్కడ రాయబోవడం లేదు. ఆ మారడం ఒక్కదాన్నే సమీక్షిస్తున్నాను, ఎందుకంటే మన ఊరి మెట్రో ఇంకా కాగితం మీదే ఉంది, కాగితం మీద ఉన్నప్పుడే అడగవలసిన సంగతి ఇది.

అమీర్‌పేటలో రెండు లైన్లూ ఒకదాని మీదుగా ఒకటి దాటే చోటే స్టేషను కట్టారు కనుక నడక తక్కువ, ఎక్కడం దిగడమే ఎక్కువ. గేటు దాటి బయటికి రానక్కరలేదు, మొదట తీసుకున్న టికెట్టే చివరిదాకా చెల్లుతుంది, ఎండా వానా తగలవు. ఒక చేత్తో సంచీ, రెండో చేత్తో మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ చెయ్యీ పట్టుకుని వెళ్ళిన రోజున కూడా లిఫ్టు పుణ్యమా అని ఇబ్బంది పడలేదు. అయితే ఆఫీసు వేళల్లో రెండు రైళ్ళ జనం ఒకేసారి అవే మెట్ల మీదికి చేరినప్పుడు, దూరం తక్కువైనంత మాత్రాన సరిపోదని, మెట్ల వెడల్పు కూడా దూరమంత ముఖ్యమేనని తెలిసివస్తుంది. మూడేసి పెట్టెల రైళ్ళకే ఇలా ఉంటే, పెట్టెలు పెరిగిన రోజున ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ మెట్లకే.

పేర్ల విషయంలో మాత్రం కొత్తవారు జాగ్రత్త పడాలి. నీలం లైనులో సికింద్రాబాద్ ఈస్ట్, ఆకుపచ్చ లైనులో సికింద్రాబాద్ వెస్ట్ అని రెండు స్టేషన్లున్నాయి. పేరు చూసి అక్కడ లైను మారవచ్చనుకుంటే పొరపాటే, మారవలసింది పరేడ్ గ్రౌండ్ దగ్గర.

ఇంతకన్నా పెద్ద పాఠం నోయిడాలో ఉంది. అక్కడ 2019లో మొదలైన ఆక్వా లైను సెక్టార్ 51 స్టేషనుకూ, ఢిల్లీ మెట్రో నీలం లైను సెక్టార్ 52 స్టేషనుకూ మధ్య దూరం సుమారు 300 మీటర్లే. కానీ లైన్లు నడిపే సంస్థలు వేరు కావడంతో ప్రయాణికుడు ఒక గేటు నుంచి బయటపడి, రోడ్డున నడిచి, మరో గేటులోకి వెళ్ళవలసి వచ్చింది. రెండింటినీ కలుపుతూ పైవంతెన వేయమని జనం ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చారు. గీత గీసే రోజున ఆలోచించవలసిన పనిని రైళ్ళు తిరగడం మొదలయ్యాక చేయడం ఎంత కష్టమో ఆ 300 మీటర్లే చెబుతాయి.

మన మొదటి దశ ప్రణాళికలో గన్నవరం లైనూ పెనమలూరు లైనూ నెహ్రూ బస్ స్టేషన్ దగ్గరే కలుస్తాయి. గన్నవరం విమానాశ్రయంలో దిగి బెంజ్ సర్కిల్ వైపు వెళ్ళే మనిషి అక్కడే రైలు మారాలి. పల్లెల నుంచి వచ్చే బస్సులూ, సిటీ బస్సులూ ఆగేదీ అక్కడే. కాబట్టి రెండు లైన్ల ప్లాట్‌ఫారాలూ ఒకే గేటు లోపల, వీలైతే ఎదురెదురుగా ఉండాలని, బస్సుల ప్లాట్‌ఫారాల దాకా పైకప్పున్న దారి వేయాలని మనం ఇప్పుడే గట్టిగా అడగాలి. రైల్వే స్టేషను దగ్గర కూడా పాదచారుల వంతెన మీద నుంచి నేరుగా మెట్రోలోకి దారి ఉంటే, సంచులు మోసుకొచ్చే వారికి ఆటో బేరం తప్పుతుంది.

మెట్ల వెడల్పును మామూలు రోజుల రద్దీని బట్టి లెక్కకట్టడం మన ఊరికి సరిపడదు. దసరాకు, భవానీ దీక్షల విరమణకు అమ్మవారి కొండ కింద చేరే జనాన్ని చూసినవారెవరూ అలా లెక్కకట్టరు. 2016 పుష్కరాలకు వచ్చిన జనం గుర్తుందిగా, మళ్ళీ కృష్ణా పుష్కరాలు 2028లో.

అధికారులకు పంపడానికి నేను రాసుకున్న అర్జీలో ఒకటే ప్రశ్న ఉంది: నెహ్రూ బస్ స్టేషన్‌లో ఒక రైలు దిగి రెండో రైలు ఎక్కడానికి ఎన్ని మీటర్లు నడవాలి, ఎన్ని మెట్లు ఎక్కాలి?