ఫ్యాక్టరీ ఫాల్స్ సీలింగ్: మినరల్ ఫైబరా, మెటలా?

ఫాల్స్ సీలింగ్ అనగానే కాంట్రాక్టర్ ముందు చూపించేది మినరల్ ఫైబర్ టైల్, అంటే ఖనిజ పీచుని అదిమి చేసిన పలక. తెల్లగా, తేలిగ్గా, చవగ్గా ఉంటుంది. రెండడుగుల చదరం, అంటే 600 మిల్లీమీటర్ల లెక్క. మెటల్ టైల్ కూడా అదే సైజులో దొరుకుతుంది, ఖరీదే ఎక్కువ.

ఫ్యాక్టరీ ఆఫీసు గదికి ఫైబర్ చాలు, శబ్దాన్ని బాగా పీల్చుకుంటుంది. అక్కడ మెటల్ వేయడం డబ్బు దండగ.

అసలు తేడా ఆవిరి, తేమ ఉన్నచోట బయటపడుతుంది. మామూలు ఫైబర్ టైల్ కొన్నాళ్లకి మధ్యలో కుంగుతుంది. ఏసీ పైపు చుక్క కారితే గోధుమరంగు వలయం పడుతుంది, తుడిచినా పోదు. ఎలక్ట్రీషియన్ నాలుగుసార్లు ఎత్తి దించితే అంచులు రాలి, ఆ పొడి నేరుగా ప్యాకింగ్ బెల్టు మీద పడుతుంది. మెటల్‌కి ఈ బాధల్లేవు. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

అలాగని మెటల్‌ని గుడ్డిగా కొనకండి. సాదా రేకు మెషీన్ల మోతని తిప్పికొడుతుంది. శబ్దం తగ్గాలంటే చిల్లులుండి, వెనక ఫ్లీస్ (పల్చటి బట్టలాంటి) పొర అంటించినది కావాలి. నీళ్లు కొట్టి కడిగేచోట మాత్రం ఆ చిల్లులే తలనొప్పి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో గాల్వనైజ్డ్ (జింకు పూత వేసిన) స్టీల్ కోసిన అంచుల దగ్గర తుప్పు పడుతుంది, అల్యూమినియం మేలు.

పైన వాల్వులు, కేబుళ్లు ఎక్కువుంటే ఫ్రేములోకి నొక్కి బిగించే క్లిప్-ఇన్ రకం వద్దు. చూడ్డానికి నున్నగా ఉంటుంది కానీ ఊడదీయడం పెద్ద టెన్షన్. ఎత్తి పక్కన పెట్టగలిగే లే-ఇన్ రకమే నయం. ఏది వేసినా డక్టులకీ లైట్లకీ శ్లాబు నుంచి విడిగా రాడ్లు దించాల్సిందే.