జాగ్రత్త: ‘ఒక్క క్లిక్‌తో ఏ సైజుకైనా’ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కట్టే ముందు ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి

కొత్తగా ఎడిటింగ్ నేర్చుకునేవాళ్ల కోసమని అమ్ముతున్న ఒక సాఫ్ట్‌వేర్ గురించి ఈ హెచ్చరిక. అడ్డం వీడియోని ఒక్క క్లిక్‌తో నిలువు వీడియోగా మార్చేస్తామని ప్రకటన. ట్రయల్‌లో 9:16 (వెడల్పు 9 పాళ్లు, ఎత్తు 16 పాళ్లు) బటన్ నొక్కితే ప్రివ్యూలో వీడియో చక్కగా నిలువుగా కనిపించింది. డబ్బు కట్టి ఎక్స్‌పోర్ట్ చేశాక, అంటే పూర్తయిన వీడియోని ఫైల్‌గా దింపుకున్నాక, ఆ ఫైల్‌లో మాత్రం మనుషులు వెదురుబద్దల్లా సన్నగా, పొడుగ్గా సాగిపోయారు. ఎందుకా అని చూస్తే, ప్రివ్యూలో చూపించిన క్రాప్ (అంచులు కత్తిరించడం) అంతకంటే ఖరీదైన ప్లాన్‌లోనే ఉంది. కొన్న ప్లాన్‌లో ఉన్నది స్ట్రెచ్ (సాగదీయడం) ఒక్కటే. ఆ సంగతి ప్లాన్ల పట్టికలో అట్టడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంది. ఇలాంటి దెబ్బ ఇంకొకరు తినకూడదు.

అసలు ‘ఆస్పెక్ట్ రేషియో (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) మార్చడం’ అనే ఒక్క మాట కింద మూడు వేరువేరు పనులు ఉన్నాయి. అమ్మేవాళ్లు ఏ పని చేస్తారో చెప్పకుండా మాట ఒక్కటే చెబుతారు. 1920×1080 (పిక్సెళ్లలో వెడల్పు×ఎత్తు) వీడియోని 1080×1920 చేయాలనుకోండి.

మొదటిది ఫిట్. బొమ్మ మొత్తం ఉంటుంది, కానీ 1080×608కి కుదించుకుపోయి మధ్యలో నిలుస్తుంది. పైన 656, కింద 656 పిక్సెళ్ల నల్ల పట్టీలు. రెండోది ఫిల్. పట్టీలు ఉండవు, కానీ వెడల్పులో 608 పిక్సెళ్లే మిగులుతాయి, అంటే బొమ్మలో మూడో వంతు కూడా మిగలదు. మిగిలిన ముక్కని 1.78 రెట్లు పెద్దది చేయాలి కాబట్టి కాస్త మసకబారుతుంది. ఆ మసక సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, ఒరిజినల్‌లో ఉన్న పిక్సెళ్లే అన్ని. నిలువుగా వాడతామని ముందే తెలిస్తే 4కేలో తీయండి. 3840×2160 నుంచి 9:16 ముక్క కోస్తే 1215×2160 దక్కుతుంది, పెద్దది చేయాల్సిన అవసరమే రాదు. మూడోది స్ట్రెచ్. వెడల్పుని 56 శాతానికి నొక్కి, ఎత్తుని 178 శాతానికి లాగుతారు. గుండ్రటి గడియారం కోడిగుడ్డు కంటే అన్యాయంగా తయారవుతుంది: ఎత్తు వెడల్పుకి మూడు రెట్లు దాటుతుంది. మామూలు వీడియోకి ఇది ఎందుకూ పనికిరాదు.

నాలుగో రకం ఒకటుంది, అది ఇంకా ప్రమాదం. కొన్ని చవక సాఫ్ట్‌వేర్లు పిక్సెళ్ల జోలికే పోవు. ‘ఈ వీడియోని 9:16గా చూపించు’ అని ఫైల్‌లో ఒక సూచన మాత్రం రాసి ఊరుకుంటాయి. ఆ సూచనను పాటించే ప్లేయర్‌లో స్ట్రెచ్‌లాగే సాగిపోయి నిలువుగా కనిపిస్తుంది, పాటించనిదాంట్లో మళ్లీ అడ్డంగా ప్రత్యక్షమవుతుంది. ఇంట్లో నిలువుగా ఉండి, అప్‌లోడ్ చేశాక అడ్డంగా మారిన వీడియోలకు ఇదీ ఒక కారణం. ఇలాంటిదే వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో ‘ఏ’ మీట నొక్కితే జరిగేది. తెర మీద ఆకారం మారుతుంది తప్ప ఫైల్‌లో ఏమీ మారదు. దాన్ని చూసి పని అయిపోయిందనుకోకండి.

డబ్బు కట్టే ముందు ఒక పది సెకన్ల పరీక్ష చేయండి. గోడ గడియారమో పళ్లెమో, ఏదైనా గుండ్రటి వస్తువుని ఫ్రేమ్ మధ్యలో పెట్టండి. ఫ్రేమ్ నాలుగు మూలల్లో 1, 2, 3, 4 అని రాసిన కాగితాలు అంటించండి. అడ్డంగా తీసి, ట్రయల్‌లో 9:16కి మార్చి, తప్పనిసరిగా ఎక్స్‌పోర్ట్ చేయండి. వాటర్‌మార్క్ (బొమ్మ మీద కంపెనీ ముద్ర) పడినా పర్వాలేదు. గడియారం గుండ్రంగా ఉండి నాలుగు అంకెలూ మాయమైతే అది ఫిల్. నాలుగు అంకెలూ కనిపిస్తూ పైనా కిందా పట్టీలు వస్తే ఫిట్. నాలుగూ కనిపిస్తూ పట్టీలు లేకుండా తెర నిండిందంటే సాగదీశారన్నమాట, ఇక ఆ ప్లాన్ కొనకండి. ట్రయల్‌లో అసలు ఎక్స్‌పోర్టే కుదరకపోతే కూడా కొనకపోవడమే మంచిది. ప్రివ్యూ రుజువు కాదు.

తర్వాత ఆ ఫైల్‌ని మీడియాఇన్‌ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో తెరవండి. విడ్త్ 1080, హైట్ 1920 అని ఉండాలి. విడ్త్ 1920, హైట్ 1080 ఉండి, డిస్‌ప్లే ఆస్పెక్ట్ రేషియో దగ్గర మాత్రం 9:16 అని ఉంటే పైన చెప్పిన సూచన మోసం అదే.

ఫోన్‌తో నిలువుగా తీసిన క్లిప్ కూడా ఒకటి వేసి చూడండి. చాలా ఫోన్లు బొమ్మని అడ్డంగానే రికార్డు చేసి, 90 డిగ్రీలు తిప్పమని ఫైల్‌లో రాసి పెడతాయి. దాన్ని చదవని సాఫ్ట్‌వేర్‌లో మనిషి పక్కకి పడుకుని కనిపిస్తాడు.

ఎడిటింగ్ మధ్యలో రేషియో మార్చితే ఏమవుతుందన్నది కూడా ముఖ్యం. ఒక టైటిలూ ఒక జూమూ పెట్టి, ఆ తర్వాత 16:9 నుంచి 9:16కి మార్చండి. టైటిల్ ఫ్రేమ్ బయటికి పోయిందా, జూమ్ తప్పు చోట ఆగిందా చూడండి. కొన్నింట్లో టైమ్‌లైన్ (క్లిప్పులను వరుసగా పేర్చే పట్టీ) మీద వేసిన మొదటి క్లిప్పే ప్రాజెక్టు సైజుని నిర్ణయిస్తుంది. కొలతలు మనం టైప్ చేసే వీలుందో లేదో కూడా చూసుకోండి. 4:5కి 1080×1350 కావాలి, బటన్ల జాబితాలో అది లేకపోతే ఇరుక్కుపోతారు. టైప్ చేసేటప్పుడు సరి సంఖ్యలే వేయండి. హెచ్.264 అనే మామూలు వీడియో ఫార్మాట్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు రంగు సమాచారం రెండేసి పిక్సెళ్లకు ఒకటిగా దాస్తారు కాబట్టి 607 అంటే ఎర్రర్ రావచ్చు, 608 అయితే ఇబ్బంది లేదు.

ఫిల్ ఉన్నా సరే, ప్రతి క్లిప్‌నీ విడిగా పక్కకి జరిపే వీలుండాలి. మామూలుగా క్రాప్ నడిమధ్యలో పడుతుంది. మాట్లాడే మనిషి కుడివైపు కూర్చుంటే ముఖం సగమే మిగులుతుంది. 1920 వెడల్పులో అటూ ఇటూ 656 పిక్సెళ్ల మేర జరుపుకునే చోటుంది, ఆ పొజిషన్ గడిని మూసేసి అమ్మే ప్లాన్ దేనికి?

ఇప్పటికే నల్ల పట్టీలతో ఎక్స్‌పోర్ట్ అయిన ఫైల్‌ని మళ్లీ మార్చకండి. నిలువు వీడియోని 16:9లో పెడితే 608×1080 అవుతుంది. దాన్నే తిరిగి నిలువు ప్రాజెక్టులో ఫిట్ చేస్తే అసలు బొమ్మ 342×608కి, తపాలా బిళ్లంతకి దిగిపోతుంది. మొదటి పిక్సెళ్లలో పదో వంతు. ఎప్పుడూ ఒరిజినల్ ఫైల్ దగ్గరికే వెళ్లండి.

డబ్బు కట్టేసినవాళ్లు ముందు ప్లాన్ల పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, అది రేపు మారిపోవచ్చు. రీఫండ్ అడిగేటప్పుడు దాన్నీ, గడియారం పరీక్ష ఫైల్‌నీ, మీడియాఇన్‌ఫో చూపించిన వివరాల్నీ కలిపి పంపండి. ఫోన్‌లో యాప్ తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు. స్టోర్ అకౌంట్‌లో సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి విడిగా రద్దు చేయాలి.

ఈ పని ఒక్కటే కావాలంటే కొనాల్సిన అవసరం కూడా లేదు. షాట్‌కట్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం. సెట్టింగ్స్‌లో వీడియో మోడ్ దగ్గర వర్టికల్ హెచ్‌డీ ఎంచుకుని, క్లిప్‌కి ‘సైజ్, పొజిషన్ అండ్ రొటేట్’ ఫిల్టర్ పెట్టి ఫిల్ నొక్కి, బొమ్మని మౌస్‌తో జరుపుకోవచ్చు. అక్కడే డిస్టార్ట్ అని ఉంటుంది, అది స్ట్రెచ్, దాని జోలికి పోవద్దు. డావిన్చీ రిజాల్వ్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో అయితే ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టైమ్‌లైన్ రిజల్యూషన్‌ని కస్టమ్ చేసి 1080×1920 ఇచ్చి, ఇమేజ్ స్కేలింగ్‌లో ‘స్కేల్ ఫుల్ ఫ్రేమ్ విత్ క్రాప్’ పెట్టండి. మనిషి కదిలేకొద్దీ క్రాప్ తనంతట తాను వెంట వెళ్లే స్మార్ట్ రీఫ్రేమ్ మాత్రం డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌లోనే ఉంది. ఉచితదాంట్లో ఇన్‌స్పెక్టర్ (క్లిప్ సెట్టింగుల పలక)లోని పొజిషన్‌కి కీఫ్రేమ్‌లు (ఏ క్షణంలో బొమ్మ ఎక్కడుండాలో చెప్పే గుర్తులు) పెట్టి చేత్తో జరుపుకోవాలి.