మిడేవిన్ గడ్డిభూమికి తప్పకుండా వెళ్లండి, బస మాత్రం చూసి ఎంచుకోండి

అత్తయ్య, మామయ్య కర్నూలు నుంచి వచ్చారు. వాళ్లను సెయింట్ లూయిస్ నుంచి అరోరా బాలాజీ గుడికి తీసుకెళ్తూ దారిలో ఇల్లినాయిస్‌లోని మిడేవిన్ గడ్డిభూమి చూశాం. ఐ-55 హైవే మీద సుమారు నాలుగు గంటల డ్రైవింగ్, ఇబ్బందేమీ లేదు. ఇబ్బందంతా మోటెల్‌లో.

జోలియెట్ దగ్గర హైవే పక్కన గది 92 డాలర్లని ఆన్‌లైన్‌లో బుక్ చేశాం. పన్నులు కలిపి 106 అయింది, అంతవరకు సరే. కౌంటర్ దగ్గరికి వెళ్లాక 75 డాలర్ల డిపాజిట్ కట్టమన్నారు. బుకింగ్‌లో ఆ మాటే లేదు. మామయ్యకు మోకాళ్ల నొప్పులు, కింది గది ఇవ్వమని ముందే రాశాను. ఇచ్చింది రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. సిగరెట్ తాగకూడని గదే అన్నారు గానీ కర్టెన్ల నిండా అదే కంపు. అత్తయ్య రాత్రంతా కిటికీ దగ్గర కూర్చుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం, అంతే. పొద్దున ఖాళీ చేసేటప్పుడు "కూరల వాసన వచ్చింది, క్లీనింగ్ చార్జీ" అంటూ డిపాజిట్‌లో 40 డాలర్లు పట్టుకున్నారు. సిగరెట్ కంపు సంగతి అడిగితే ఆ మేనేజర్ మా ఆయన మొహం కూడా చూడకుండా తర్వాతి వాళ్లను పిలిచాడు. కార్డు కంపెనీకి ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు. ఆ చుట్టుపక్కల దిగేవాళ్లు గదిలో అడుగుపెట్టగానే ఫోటోలు తీసుకోండి, డిపాజిట్ షరతులు కాగితం మీద రాయించుకోండి.

ఇంత మూడ్ ఆఫ్‌తో గడ్డిభూమికి చేరాం. ఎంట్రీ ఫీజు లేదు, పార్కింగ్ ఫీజు లేదు.

ఒకప్పుడు ఇల్లినాయిస్‌లో దాదాపు 2.2 కోట్ల ఎకరాల గడ్డినేల ఉండేది. నాగలి కిందకు పోగా అందులో వెయ్యో వంతు కూడా మిగల్లేదు. మిడేవిన్ ఉన్న చోట రెండో ప్రపంచ యుద్ధం నుంచి జోలియెట్ ఆయుధ కర్మాగారం ఉండేది, టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం, బాంబులు తయారయ్యేవి. 1942లో జరిగిన పేలుడులో 48 మంది చనిపోయారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక, 1996లో చట్టం చేసి ఆ నేలను అటవీ సేవా శాఖకు అప్పగించారు. ఇప్పుడు 18 వేల ఎకరాల పైనే. మందుగుండు దాచిన బంకర్లు మట్టి కప్పుకుని ఇంకా వరుసగా కనిపిస్తాయి.

అయితే ఆ నేలను మళ్లీ గడ్డిభూమిగా మార్చే పని ప్రభుత్వ శాఖ ఒక్కటే చేసింది కాదు, నాకు బాగా నచ్చింది అదే. వెట్‌ల్యాండ్స్ ఇనిషియేటివ్, ఓపెన్‌ల్యాండ్స్, నేషనల్ ఫారెస్ట్ ఫౌండేషన్ లాంటి సంస్థలు డబ్బు, మనుషులు, నిపుణులను తెచ్చాయి. పూర్వం రైతులు నీరు లాగేయడానికి నేలలో మట్టి గొట్టాలు పాతారు. వాటిని తవ్వి తీసేస్తే గానీ చిత్తడి నేల తిరిగి రాలేదు. ఆపైన విత్తనం కావాలి, అది చాలావరకు వాలంటీర్ల చేతుల మీదుగా వస్తుంది.

ముందే మెయిల్ చేసి పేర్లు ఇచ్చాను కాబట్టి విత్తనాలు సేకరించే జట్టుతో కలిశాం. సెప్టెంబరు చివర కదా, బిగ్ బ్లూస్టెమ్ గడ్డి మామయ్య తల దాటి ఉంది. కాడ చివర మూడు పాయలుగా చీలిన కంకి, రంగు ముదురు వంకాయ. డెబ్బై దాటిన ఒక అమెరికన్ ఆవిడ మెడలో బకెట్ తగిలించుకుని ఎలా చేయాలో చూపించింది. అత్తయ్య ఒక్కసారి చూసి, జొన్న కంకి దూసినట్టు రెండు వేళ్లతో పైకి దూసేసింది. ఆవిడ చప్పట్లు కొట్టింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, అయినా బకెట్ నిండేదాకా పక్కపక్కనే ఉన్నారు. రాత్రి నిద్రలేని అత్తయ్య మొహంలో నవ్వు అప్పుడే చూశాను.

మామయ్య కర్నూలు దగ్గరి రోళ్లపాడు గురించి మొదలుపెట్టారు. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. పిట్ట కనబడకుండా పోయింది, కృష్ణజింకలు పెరిగి చేలు మేశాయి, నష్టం రైతుకు మిగిలింది. మిడేవిన్‌లో అయితే కొంత నేలను రైతులకే లీజుకిచ్చి పశువులను మేపుతారు. గడ్డి పొట్టిగా ఉంటే కొన్ని జాతుల పిట్టలు గూళ్లు పెట్టుకుంటాయి. "రైతును కంచె బయట నిలబెట్టకుండా లోపలికి పిలిచారు, అదీ తెలివి" అన్నారాయన. నాదీ అదే మాట.

పెద్దవాళ్లతో వెళ్తే ఐరన్ బ్రిడ్జ్ ట్రైల్‌హెడ్ (నడక దారి మొదలయ్యే చోటు) దగ్గర మొదలుపెట్టండి. దారి చదునుగా ఉంటుంది. 2015లో తెచ్చిన బైసన్ (అమెరికా అడవి దున్నల) మంద అటువైపే తిరుగుతుంది. మాకు చాలా దూరంలో నల్లటి చుక్కల్లా కనిపించాయి, బైనాక్యులర్ లేకపోతే నిరాశే. ట్రైల్ పొడవునా నీడ ఉండదు, తిండి దొరకదు. నీళ్లు, పులిహోర మీరే తీసుకెళ్లండి. పొడుగు ప్యాంటు వేసుకుని, తిరిగొచ్చాక పిడుదులు పట్టాయేమో చూసుకోండి. రాత్రి బసకు జోలియెట్ కాకుండా నేపర్‌విల్ వైపు వెళ్తే 30 డాలర్లు ఎక్కువైనా పెట్టండి, అక్కడి నుంచి మర్నాడు గుడికి కూడా దగ్గర.