జాగ్రత్త: అసెస్‌మెంట్ (పిల్లల ఇబ్బందులను ముందుగా పరిశీలించడం) లేకుండా థెరపీ ప్యాకేజీకి డబ్బు కట్టకండి

హన్మకొండ, వరంగల్‌లలో పిల్లలకు ఆక్యుపేషనల్ థెరపీ (తినడం, బట్టలు వేసుకోవడం, రాయడం లాంటి రోజువారీ పనులు నేర్పే చికిత్స) కోసం వెతుకుతున్న తల్లిదండ్రులకు ఈ హెచ్చరిక.

మా అబ్బాయికి నాలుగేళ్లు. బలపాన్ని ఇంకా పిడికిలితోనే పట్టుకుంటాడు. చొక్కా గుండీ పెట్టుకోలేడు, పప్పన్నం వేళ్లకు అంటితే ఏడుస్తాడు, జుట్టు కత్తిరించబోతే ఇద్దరం పట్టుకున్నా ఆగడు. హన్మకొండలో ఒక కేంద్రానికి తీసుకెళ్తే కాసేపు బంతితో ఆడించి, 'ఆలస్యం చేస్తే ఇక మారడు' అని భయపెట్టి, ఆరు నెలలకు 45,000 రూపాయలు ముందే కట్టించుకున్నారు. వాడు ఎలా తింటాడో, ఎలా పడుకుంటాడో, మెడ ఎప్పుడు నిలిపాడో ఒక్క ప్రశ్న అడగలేదు. ఏ పని నేర్పబోతున్నారో రాసివ్వలేదు. గదిలోకి మమ్మల్ని రానివ్వలేదు, ఇంట్లో ఏమి చేయించాలో చెప్పలేదు. థెరపీ చేసే అమ్మాయి చదివింది కొన్ని వారాల సర్టిఫికెట్ కోర్సు మాత్రమేనని తర్వాత తెలిసింది. మానేస్తామంటే రసీదు మీద 'డబ్బు తిరిగి ఇవ్వబడదు' అన్న ముద్ర చూపించారు. పిల్లవాడి గురించి బెంగపడుతున్న వాళ్ల దగ్గర ఇలా వసూలు చేయడం అన్యాయం.

అయినా థెరపీ మీదే నమ్మకం వదులుకోకండి. 'మగపిల్లలు నిదానంగానే నేర్చుకుంటారులే' అన్న మాట విని ఆగిపోకండి. తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోకపోయినా, ఏడాదిన్నరకూ నడవకపోయినా, ఏడాది నిండకముందే ఎప్పుడూ ఒకే చేయి వాడుతున్నా పిల్లల వైద్యులకు చూపించండి. అప్పటికే వచ్చిన మాటలు గానీ నడక గానీ పోతే ఒక్క రోజు కూడా ఆగవద్దు. మూడు నాలుగేళ్ల పిల్లల్లో ఒక్క లక్షణం చూసి కంగారు పడనక్కరలేదు. తిండి, బట్టలు, ఆట అన్నింటా రోజూ ఇబ్బంది పడుతుంటే మాత్రం అసెస్‌మెంట్ చేయించాలి.

థెరపిస్టు బీఓటీ (బ్యాచిలర్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ) డిగ్రీ చదివారా అని అడగండి. అది నాలుగేళ్లకు పైబడిన చదువు. 'మూడు నెలల్లో రెండు గుండీలు తనే పెట్టుకోవాలి' అన్నంత స్పష్టంగా లక్ష్యం రాసివ్వమనండి. ఇక్కడ వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల వైద్యులు ఉన్నారు. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) అనే పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వస్తాయి. ఎదుగుదల లోపం కనిపిస్తే ఉచిత చికిత్సకు పంపిస్తాయి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు రసీదు, ఫోను సందేశాలు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. మేమూ చేశాం.