హనుమకొండలో ఎలక్ట్రానిక్ సంగీత కచేరీ: ప్రయాణం, బస, ధ్వని

ఎలక్ట్రానిక్ సంగీతాన్ని హెడ్‌ఫోన్లలో మాత్రమే విన్నవారు ఒక్కసారైనా దాన్ని ఆరుబయట, వాయిస్తున్నవారి ఎదుట నిలబడి వినాలని నా గట్టి అభిప్రాయం. హనుమకొండలోని ఒక ఇంజనీరింగ్ కళాశాల ఉత్సవాలకు హైదరాబాద్ నుంచి ఇద్దరు కళాకారుల జంట వస్తున్నదని తెలియగానే, కరీంనగర్ నుంచి మా తమ్ముడిని వెంటబెట్టుకుని బయలుదేరాను.

హుజూరాబాద్, ఎల్కతుర్తి మీదుగా ఆర్టీసీ బస్సులు తరచుగా ఉంటాయి కనుక వెళ్లడానికి ఇబ్బంది లేదు. అర్ధరాత్రి తిరిగి రావడమే కష్టం కాబట్టి ఆ రాత్రికి అక్కడే ఉండిపోవడం మంచిది. హైదరాబాద్ నుంచి రైల్లో వచ్చేవారు వరంగల్ స్టేషన్ దాకా పోకుండా కాజీపేటలో దిగితే హనుమకొండకు ఆటోలో త్వరగా చేరుకుంటారు. మేము బస్టాండుకు దగ్గరలో ఒక లాడ్జి తీసుకున్నాము. గది శుభ్రంగానే ఉంది గాని, రాత్రి గేటుకు తాళం వేసి కాపలాదారు నిద్రపోవడంతో చాలాసేపు బయట నిలబడవలసి వచ్చింది. కచేరీకి వెళ్లేవారు గది తీసుకునేటప్పుడే గేటు ఎన్నింటికి మూస్తారో అడిగి తెలుసుకోవాలి. కుటుంబంతో వచ్చేవారు నక్కలగుట్టలో పర్యాటక సంస్థ నడిపే హరిత కాకతీయను పరిశీలించవచ్చు.

ఇటువంటి ప్రదర్శనల్లో కళాకారులు ముందే చేసిపెట్టుకున్న పాటను నొక్కి వదిలేస్తారని చాలామంది అనుకుంటారు. ఈ జంట విషయంలో అది నిజం కాదు. ఒకరు సింథసైజర్ (విద్యుత్తుతో స్వరాలను పుట్టించే వాద్యం) మీద స్వరం నడుపుతుంటే, రెండోవారు దరువులు పుట్టించే డ్రమ్ మెషీన్ మీద దరువును అప్పటికప్పుడు కట్టారు; వారి వేళ్ల కదలికను కెమెరా పెద్ద తెరపై చూపించడంతో, ఏ మీట తిప్పితే ధ్వని ఎలా మారుతున్నదో వెనుక వరుసలవారికి కూడా తెలిసింది. మధ్యలో కళాశాల డప్పు బృందంలోని ఒక విద్యార్థిని వేదికపైకి పిలిచి, అతను వాయించిన చిన్న దరువును అక్కడికక్కడే రికార్డు చేసి, దాన్ని తిప్పి తిప్పి వినిపిస్తూ, కింద మంద్రాన్ని (లోతైన బేస్ ధ్వనిని) పరిచి, పైన మోహన రాగం ఛాయలో ఒక స్వరమాలను నిలిపారు. మైదానమంతా ఆ డప్పును గుర్తుపట్టి ఒక్కసారిగా ఊగిపోయింది. రాగానికీ ఈ యంత్రాలకూ పొత్తు కొత్తదేమీ కాదు: 1982లోనే ముంబైలో సంగీతకారుడు చరణ్‌జిత్ సింగ్ హిందుస్తానీ రాగాలను రోలాండ్ కంపెనీ డ్రమ్ మెషీన్ టీఆర్-808, బేస్ సింథసైజర్ టీబీ-303లతో కలిపి రికార్డు చేశారు.

మొదట మేము వేదికకు బాగా దగ్గరగా, ఒక పక్కన ఉన్న స్పీకర్ల ముందు నిలబడ్డాము. అక్కడ ఛాతీ అదిరిందే తప్ప స్వరం స్పష్టంగా వినిపించలేదు. మా అవస్థ చూసిన సౌండ్ మనిషి, "అన్నా, ఈడికి రండి, ఈడ నిలబడితేనే అసలు సౌండ్ తెలుస్తది" అని ధ్వనిని సరిచేసే తన మిక్సర్ దగ్గరకు పిలిచాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం. మైదానం మధ్యలో తనకు వినిపించే దాన్ని బట్టే అతను ధ్వనిని సరిచేస్తాడు కాబట్టి ఆ చుట్టుపక్కలే మంద్రమూ తారమూ సమంగా అందుతాయి. అక్కడికి మారిన తరువాతనే డప్పు తోలు మీద పుల్ల తగిలే చిటుకు కూడా విడిగా వినిపించింది.

నిర్వాహకుల విషయంలో నాకు అసంతృప్తి ఉంది. ఉపన్యాసాలు, సన్మానాలతో కార్యక్రమం బాగా ఆలస్యంగా మొదలైంది. ఆరుబయట లౌడ్ స్పీకర్లకు రాత్రి 10 గంటల నిబంధన ఉన్నదని తెలిసి కూడా అలా చేయడం వల్ల, సంగీతం మంచి ఊపందుకున్న సమయంలో ఆపేయవలసి వచ్చింది. అంత జనానికి తాగునీరు ఒక్కచోటే పెట్టారు. బయట బండ్ల దగ్గర దొరికిన వేడి సర్వపిండి మాత్రం చాలా బాగుంది.

మరునాడు పాలంపేటకు వెళ్లాము. 1213 నాటి రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అక్కడి శిల్పాల్లో మద్దెల వాయించేవారినీ నర్తకులనూ నిదానంగా చూడటానికి సగం పూటైనా కేటాయించాలి. బస్సులను నమ్ముకోకుండా కారు మాట్లాడుకుంటే సమయం కలిసి వస్తుంది.

ఆ జంట మళ్లీ వస్తే, వారిని హనుమకొండలో 2024లో ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రంలో వినాలని నా కోరిక. నాలుగు గోడల మధ్య అయితే ఆ డప్పు, ఆ మంద్రం ఎలా పలుకుతాయో వినాలని ఉంది.