బుడమేరులో మునిగిన నా బిట్‌కాయిన్ నోడ్, గవర్నర్‌పేటలో ఒక రిపేరు షాపు

ముందే చెప్పేస్తున్నా, షాపు పేరు రాయడం లేదు. ఓనరుగారే వద్దన్నారు. "పేరు పెట్టారంటే రేపట్నుంచి పాస్‌వర్డ్ మర్చిపోయినోళ్లంతా నా మెట్లెక్కుతారు బాబూ" అని. విజయవాడలో ఏలూరు రోడ్డు నుంచి గవర్నర్‌పేట లోపలికి తిరిగే సందులో, కింద జెరాక్స్ షాపు, పైన ఈయన. బోర్డు మీద సగం అక్షరాలు ఊడిపోయాయి, కాస్త వెతుక్కోవాలి.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి మా సింగ్‌నగర్ మీద పడినప్పుడు మేం గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుంటున్నాం. పైన ఓనరు ఆంటీ వాళ్లింట్లోకి పరిగెత్తేటప్పుడు అమ్మ చేతిలో కాగితాల సంచి, నా చేతిలో గ్యాస్ స్టవ్వు (ఎందుకు పట్టుకున్నానో ఇప్పటికీ తెలీదు). టీవీ స్టాండ్ కింది అరలో ఉన్న రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్, దానికి తగిలించిన 1 టీబీ ఎస్ఎస్‌డీ (డేటా దాచే డిస్క్) అక్కడే ఉండిపోయాయి. అదే నా నోడ్, అంటే బిట్‌కాయిన్ లావాదేవీలన్నీ దాచుకుని సొంతంగా సరిచూసుకునే కంప్యూటర్. కింద ఇల్లంతా చూడటానికి వారం పట్టింది, అప్పటికి ఎస్ఎస్‌డీ డబ్బా నిండా బురద.

అందులో కోట్లేం లేవు. లైట్నింగ్ చానళ్లలో (బిట్‌కాయిన్ త్వరగా పంపుకోవడానికి రెండు నోడ్‌ల మధ్య తెరుచుకునే ఉమ్మడి ఖాతాల్లాంటివి) సుమారు 12 లక్షల సాటోషీలు, 10 కోట్ల సాటోషీలు కలిస్తే ఒక బిట్‌కాయిన్ కాబట్టి అప్పటి రేటులో 60 వేల రూపాయల దాకా. పరుపులు, ఫ్రిజ్, బండి ఇంజను అన్నీ ఒకేసారి పోయిన నెలలో 60 వేలంటే మాకు చిన్న సంగతి కాదు.

24 పదాల సీడ్, అంటే డబ్బు తాళాన్ని మళ్లీ తయారుచేసుకునే ఇంగ్లీషు పదాలు, డైరీలో రాసుకున్నా, కానీ ఆ డైరీ బీరువా అడుగున ఉంది, పైగా రాసింది జెల్ పెన్నుతో. 24 పదాల్లో ఆరు నీలం మరకలైపోయాయి. బతికించిందల్లా ఏంటంటే, ఆ పదాలన్నీ 2048 పదాల జాబితాలోంచే వస్తాయి, ఏ రెండు పదాలకీ మొదటి నాలుగు అక్షరాలు ఒకేలా ఉండవు. మొబైల్ టార్చ్ వెనక నుంచి వేసి, పెన్ను నొక్కుడు గుర్తులు చూసి, ఒక రాత్రంతా కూర్చుంటే ఆరూ దొరికాయి. దయచేసి బాల్ పెన్నుతో రాసుకోండి.

సీడ్ ఉంటే ఇంకేం, డబ్బంతా వచ్చేస్తుంది కదా అనుకుంటారు చాలామంది, నేనూ అలాగే అనుకున్నా. సీడ్‌తో వచ్చేది మామూలు బిట్‌కాయిన్ అడ్రస్‌లలో ఉన్నది మాత్రమే. చానళ్లలో ఉన్నది ఎవరెవరితో తెరిచామో సీడ్‌కి తెలీదు, అది చానల్ బ్యాకప్ అనే చిన్న ఫైలులో ఉంటుంది. నా పెన్‌డ్రైవ్‌లో ఫిబ్రవరి నాటి ఫైలు ఉంది, కానీ ఆ తర్వాత ఇంకో రెండు చానళ్లు తెరిచా, డబ్బులో ఎక్కువ భాగం వాటిలోనే ఉంది. అంటే ఆ డిస్క్ తెరుచుకోవాల్సిందే.

మా ఫ్రెండొకడు "జనవరిలో డిస్క్ మొత్తం కాపీ తీశావుగా, అదెక్కించి ఆన్ చెయ్యి రా" అన్నాడు. నోడ్ ఉన్నవాళ్లు ఇది మాత్రం చేయకండి. పాత డేటాబేస్‌తో లేచిన నోడ్ పాత లెక్కతో చానల్ మూసిందంటే, చెల్లిపోయిన ప్రోనోటు మళ్లీ బయటికి తీసినట్టే, మోసం కిందే లెక్క, అవతలివాడు చానల్‌లో ఉన్నదంతా ఊడ్చుకుపోవచ్చు.

ముందు ఇంకో షాపుకెళ్లా, అదెక్కడో చెప్పను. తడి డిస్క్‌నే యూఎస్‌బీకి గుచ్చాడు, ఏమీ రాలేదు, "పోయింది సార్, కొత్తది కొనుక్కోండి" అని నిమిషంన్నరలో తేల్చేశాడు. ఆన్‌లైన్‌లో ఒకాయన నూటికి నూరు శాతం రికవరీ అని మెసేజ్ పెట్టి, 15 వేలు అడ్వాన్సు, తర్వాత 24 పదాలూ పంపమన్నాడు. 24 పదాలు వాడికిచ్చాక ఇంక రికవరీ చేయడానికి ఏం మిగులుతుంది! ఈలోపు పక్కింటి పెద్దాయన బియ్యంలో పెట్టు బాబూ అన్నారు, మా బియ్యం డబ్బా అప్పటికే మురుగునీళ్లు తాగేసి ఉంది.

ఇంక గవర్నర్‌పేట సంగతి. ఓనరుగారికి యాభై దాటి ఉంటాయి, బిట్‌కాయిన్ గురించి బొత్తిగా తెలీదు, తెలిసినట్టు నటించరు కూడా. డిస్క్ చేతికివ్వగానే అడిగిన మొదటి మాట "తడిసాక దీనికి కరెంటిచ్చారా?" ఇచ్చారండీ అంటే ఒక నిట్టూర్పు విడిచి, పొడుగు నోటుబుక్కులో డిస్క్ సీరియల్ నంబరు రాసి నాతో సంతకం పెట్టించుకున్నారు. చెకింగుకి 500, డేటా వస్తే మొత్తం 6,500, రాకపోతే ఆ 500తో సరి.

నా ముందే మూత విప్పారు. అరచేతంత డబ్బాలో అసలు బోర్డు మూడో వంతే, మిగతాదంతా ఖాళీ, ఆ ఖాళీలో బురద గట్టిపడి ఇటుక ముక్కలా ఉంది. ప్లగ్గు పిన్నుల మీద పచ్చటి చిలుము. బురదనీళ్లు ఆరిపోయినా అందులోని ఉప్పులు బోర్డు మీదే ఉంటాయి, కరెంటు పారితే అవే తినేస్తాయి, అందుకే ఎండబెట్టడం కంటే ముందు కడగాలన్నారు. ఆల్కహాల్‌తో, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా, అమ్మ వెండి కుందులు తోమినట్టు తోమారు. కరెంటు లైనులో ఆవగింజంత భాగం ఒకటి షార్టయితే దాన్ని మార్చారు. నా కళ్లతో చూసింది అంతవరకే, మిగతాదానికి "రేపు రండి" అన్నారు.

ఆ రేపు మూడు రోజులు నడిచింది. ఫోన్ ఎత్తరు. ఇది మాత్రం మైనస్సే, ఇంట్లో బురద ఎత్తిపోస్తూ అంత దూరం రెండుసార్లు ఊరికే తిరిగా.

అయితే పని మాత్రం పద్ధతిగా జరిగింది. అసలు డిస్క్‌ని నేరుగా తెరవకుండా లైనక్స్ కంప్యూటర్‌కి తగిలించి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో మొత్తం ఇంకో డిస్క్ మీదకి కాపీ చేశారు. అది ముందు బాగున్న భాగాలన్నీ లాగేసి, మొరాయించేవాటి దగ్గరికి తర్వాత వస్తుంది, మధ్యలో ఆగినా ఎక్కడిదాకా అయిందో గుర్తు పెట్టుకుంటుంది. రెండు రాత్రులు పట్టిందట. చదవలేకపోయిన ముక్కలు కొన్ని మిగిలాయి, బ్లాక్‌చెయిన్ (బిట్‌కాయిన్ లావాదేవీల చిట్టా) భాగమే ఐతే బాధ లేదు, అప్పటికి 600 జీబీ దాకా ఉన్న ఆ డేటా ప్రపంచమంతా ఉంది, మళ్లీ దించుకోవచ్చు. నాక్కావాల్సింది కొన్ని కేబీల ఫైలు.

ఇక్కడే గుండె ఆగినంత పనైంది. షాపులో పనిచేసే కుర్రాడు డిస్క్ తీసుకెళ్లి విండోస్ కంప్యూటర్‌కి పెట్టాడు. విండోస్‌కి లైనక్స్ ఫైల్ సిస్టమ్ అర్థం కాక, ఫార్మాట్ చేయమంటావా అని డబ్బా ఒకటి తెర మీదకొచ్చింది, వాడి చెయ్యి మౌస్ మీద ఉంది. వెనక నుంచి ఓనరుగారు "ఒరేయ్, ముట్టుకోకు!" అని అరిచిన అరుపుకి కింద జెరాక్స్ అమ్మాయి పైకొచ్చింది. అది కాపీ డిస్కేనని, అసలుది బీరువాలో ఉందని నాకు తర్వాత చెప్పారు.

ఫైలు దొరికింది. ఇంకో మాట, ఆ బ్యాకప్ ఫైలు సీడ్ నుంచి వచ్చే తాళంతో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి షాపువాళ్లు చూసినా ఏం చేసుకోలేరు, కానీ డిస్క్‌లో డబ్బు తాళాలుండే వాలెట్ కూడా ఉంటుంది. కరెంటు పోయొచ్చినా నోడ్ తనంతట తనే లేవాలని నేను దాని పాస్‌వర్డ్ అక్కడే ఉంచేశా. అందుకే డిస్క్ ఇచ్చే ముందే అన్నయ్య ల్యాప్‌టాప్‌లో సీడ్ ఎక్కించి అడ్రస్‌లలో ఉన్న కాస్తా కొత్త వాలెట్‌కి మార్చేశా. ఆయన మాత్రం సీడ్ ఊసే ఎత్తలేదు. ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి, కాపీ డిస్క్‌ని నా ముందే చెరిపి, పాత డిస్క్ నా చేతికిచ్చారు.

ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో ఆ ఫైలు ఎక్కిస్తే, అవతలి నోడ్‌లు ఒక్కొక్కటిగా చానళ్లు మూస్తూ నా వాటా పంపడం మొదలైంది. మొదటిది మర్నాడు పొద్దున పడింది. ఐదింట్లో నాలుగు వచ్చాయి. ఐదోదాంట్లో లక్షా పదివేల సాటోషీలున్నాయి, ఆ అవతలి నోడే ఎప్పుడో ఆగిపోయింది, వాళ్ల సంతకం లేకుండా అవి కదలవు. అది షాపు తప్పు కాదు, ఎవడితో చానల్ పెట్టుకుంటున్నానో చూసుకోకపోవడం నాది.

జీఎస్టీ బిల్లు కావాలంటే గట్టిగా అడగాలి, లేకపోతే తెల్లకాగితం మీద రాసిస్తారు. ఆదివారం సెలవు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షట్టర్ సగం దించి ఉంటుంది, పిలిస్తే పలుకుతారు. డిస్క్ ఒక్కటే కాకుండా దాని కేబులూ డబ్బా కూడా పట్టుకెళ్లండి, అవి అడుగుతారు, నేను వాటికోసం మళ్లీ సింగ్‌నగర్ దాకా వెళ్లొచ్చా.